శిఖరానికి ముందు పులిహోర

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెప్తాను. మా ఆవిడ దీన్ని అబద్ధాలాడటం అంటుంది. నేను ఒప్పుకోను. లేనిది చెప్తే అబద్ధం. నేను ఉన్నదానికే కాస్త గాలి కొడతాను. గాలి లేని టైరుతో సైకిలే నడవదు, జ్ఞాపకం ఏం నడుస్తుంది? కాబట్టి ఈ కింద ఎక్కడైనా ఏదైనా మరీ పెద్దదిగా కనిపిస్తే, అందులోంచి తగినంత గాలి తీసేసి చదువుకోవడం మీ పూచీ. ఎంత తీయాలో మాత్రం నన్నడగొద్దు. చివర్లో ఒక్కదాని సంగతి నేనే చెప్తాను.

మొన్న గరాజ్ సర్దుతుంటే పాత కొండబూట్లు దొరికాయి. మేముండేది కెనడాలో, రెజైనాలో. ఈ ఊళ్ళో కొండ అనే పదార్థం లేదు. వంటింటి కిటికీలోంచి చూస్తే రేపు రావలసిన బస్సు ఇవాళే కనిపిస్తుంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ఎత్తుకి చెవులు మూసుకుపోతాయి. అలాంటి ఊళ్ళో కొండబూట్లు బయటపడేసరికి మా అమ్మాయి వాటిని రెండు వేళ్ళతో పైకెత్తి, "డాడ్, వాట్ హ్యాపెన్డ్ టు దీజ్?" అంది. (మా అమ్మాయి తెలుగులో తిట్లు తిని ఇంగ్లీషులో జవాబిస్తుంది.) అడుగున రబ్బరంతా పందికొక్కులు తిన్నట్టు చీలికలు పీలికలుగా ఉంది. సున్నపురాయి పని అది. ఒక్క రోజు నడకలో చేసిన పని. ఆ రోజు తలుచుకుంటే నాకిప్పటికీ అరికాళ్ళ నుంచి చిరాకు లేస్తుంది.

అసలు సున్నపురాయితో నా పేచీ పుట్టుకతో వచ్చింది. మాది పిడుగురాళ్ళ పక్కన. చుట్టూ సున్నపు బట్టీలు. గాలి వీస్తే చెట్లూ, పెంకులూ, ఆరేసిన బట్టలూ, పెరుగు గిన్నె మీది మూతా అన్నీ ఒకే రంగు. మా ఊళ్ళో పుట్టిన కాకి మొదటి ఆర్నెల్లూ తను కొంగనే అనుకుంటుంది. అన్నంలో ఆ పొడి, దిండు మీద ఆ పొడి, స్కూల్లో మాస్టారు బోర్డు మీద రాస్తే అదీ అదే జాతి పొడి. ఈ రాయి కనపడని చోటికి పోవాలనే నేను ముప్ఫై దాటాక ఉద్యోగం మానేసి, స్టూడెంట్‌గా కెనడా వచ్చింది. వచ్చిన రెండో వేసవికే నన్ను విమానంలో కూచోబెట్టి, మధ్యధరా సముద్రం దాకా మోసుకెళ్ళి, ప్రపంచంలోకెల్లా పెద్ద సున్నపురాళ్ళ గుట్ట మీదికి ఎక్కించారు. పైగా అందరూ నన్ను అదృష్టవంతుడన్నారు.

అప్పట్లో ప్రతి విమానంలోంచీ మనవాళ్ళు సూట్‌కేసులతో సహా కుప్పలుగా దిగుతున్న రోజులు. స్కార్‌బరోలో రత్నం అంకుల్ గారింటి బేస్‌మెంట్‌లో మేం నలభై మందిమి ఉండేవాళ్ళం. సరే, ఎనిమిది మందిమి. కానీ పొద్దున బాత్రూమ్ ముందు నిలబడి చూస్తే నలభై మందిమే. నేనందరికన్నా పెద్దవాణ్ణి, క్లాసులో ప్రొఫెసర్ కంటే నాకే బట్టతల ఎక్కువ. ఇంటి హీటర్ గొట్టం ఒకటి పైనుంచి మా గదిలోకి దిగేది. వెచ్చదనం అందులోంచి వచ్చిందో లేదో గానీ మిగతావన్నీ వచ్చేవి. సుగుణ ఆంటీ చేపలు వేయిస్తే ఆ వాసన సరాసరి మా దుప్పట్లలోకి దిగి, మర్నాడు సబ్‌వేలో మా పక్క సీటు ఖాళీగా ఉంచేది. తెల్లవారుతుండగా అంకుల్ ప్రార్థన కూడా అందులోంచే వచ్చేది. ఆయన నరసాపురం మనిషి, గొంతు పడవ మీంచి అవతలి ఒడ్డుకి కేకేసే గొంతు. "ప్రభువా, కింద సందీప్‌కి చదువులో భాగంగా చెయ్యాల్సిన ఆ కో-ఆప్ ఉద్యోగం ఇంకా రాలేదు, జ్ఞాపకం చేసుకో. మన శేఖర్ వీసా ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చేశాడు, ఆ ఆఫీసరు మనసు మెత్తపరుచు. నిన్న వంశీ నా కొత్త గిన్నె మాడ్చేశాడు, వాణ్ణి క్షమించే శక్తి నాకియ్యి." కింద మేమందరం, ఏ మతం వాళ్ళమైనా సరే, గొట్టానికి చెవులొగ్గి మా పేరు కోసం వినేవాళ్ళం. పేరు రానివాడు ఆ పూట టీ కూడా సరిగ్గా తాగేవాడు కాదు.

అంకుల్ ఒషావా కార్ల ఫ్యాక్టరీలో తలుపులు బిగించి రిటైరయ్యారు. అన్నేళ్ళు చదును సిమెంటు నేల మీద నిలబడి నిలబడి మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. ఆ తర్వాత కొండలూ గుట్టలూ మరిచిపొమ్మని డాక్టర్ చెప్పాడు. ఆదివారాలు ఆయన చర్చిలో పిల్లలకి పాఠం చెప్పేవారు. బైబిల్లో అపొస్తలుడైన పౌలు ఓడ ప్రయాణం ఆయనకి ప్రాణం. బోర్డు మీద సుద్దముక్కతో సముద్రం గీసి, మధ్యలో వంకాయ అడ్డంగా పడుకున్నట్టు క్రీట్ ద్వీపం గీసేవారు. చర్చిలో దాన్ని క్రేతు అంటారు. ఓడ దాని దక్షిణం వైపు నుంచి వెళ్ళిందని బాణం గుర్తు వేసేవారు. ఒక రోజు బోర్డు తుడుస్తూ నాతో అన్నారు: "ముప్ఫై ఏళ్ళ బట్టీ ఈ సుద్దముక్క సముద్రంలో పౌలుగారిని ముంచి తేలుస్తున్నానయ్యా శేఖరూ. అది ఏ రంగో నాకే తెలీదు. పిల్లలడిగితే బ్లూ అంటాను. ఏ బ్లూ?"

చర్చివాళ్ళు పౌలు తిరిగిన ఊళ్ళకి టూర్ వేసినప్పుడు అంకుల్ తన పేరూ ఆంటీ పేరూ అందరికన్నా ముందే ఇచ్చారు. క్రీట్‌లో ఒక రోజు ఎవరిష్టం వాళ్ళది. ఆ రోజు తెల్ల కొండలు ఎక్కాలని ఆయన పట్టు. వాటి శిఖరం మీద నిలబడితే దక్షిణపు సముద్రం మొత్తం కనిపిస్తుందట. "ఒడ్డున నించుంటే నీళ్ళు కనపడతాయి. పైనుంచి చూస్తే దారి కనపడుద్ది," అన్నారు. ఆయన కూతురు షీలా నర్సు. ఫోన్లోనే తండ్రితో పోట్లాడి ఓడిపోయి, చివరికి, "కొండ మీద డాడీ పక్కన ఒక మనిషి ఉండాల్సిందే" అని నా టికెట్ కూడా తనే కొంది. నన్నెందుకు ఎంచిందంటే, బేస్‌మెంట్‌లో నాకొక్కడికే రక్తపోటు మాత్రల పేర్లు తెలుసు.

ఆ చలికాలమంతా సాధన చేశాం. స్కార్‌బరోలో కొండలేవి? ఆంటీ వాళ్ళ చెల్లెలుండే ఎత్తైన అపార్ట్‌మెంట్ మెట్లే మా కొండ. బ్యాగ్‌లో సోనా మసూరి బియ్యం సంచీ వేసుకుని ఎక్కడం, దిగడం. ఒక్కో అంతస్తులో ఒక్కో దేశం వంట వాసన. ఎనిమిదో అంతస్తులో ఎవరో మెంతులు వేయించేవాళ్ళు. అక్కడ అంకుల్ మోకాలు పట్టుకుని ఆగి, "ఇది బేస్ క్యాంపు" అనేవారు.

క్రీట్‌లో ఆ రోజు తెల్లవారేసరికి హోటల్ అంతా గంటలు మోగాయి. ఫైర్ అలారం. నిద్రమొహాలతో, బనీన్లతో, తువాళ్ళతో జనం రోడ్డు మీద నిలబడ్డారు. పైన బాల్కనీలోంచి సుగుణ ఆంటీ తొంగిచూసి, "కంగారు పడకండి, తిరగమోతే! ఎండుమిరపకాయలు కాస్త ఎక్కువ పడ్డాయి!" అని తెలుగులో కేకేశారు. సూట్‌కేసులో బట్టల బదులు కుక్కరూ, కరెంటు పొయ్యీ, చింతపండు గుజ్జూ తెచ్చారు ఆవిడ. కొండెక్కేది మేమిద్దరం. పులిహోర మాత్రం ఒక పెళ్ళివారికి సరిపోయేంత. "ఇంత ఎందుకు ఆంటీ?" అంటే, "పక్కన కూచున్నవాళ్ళకి పెట్టకుండా ఎట్టా తింటార్రా?" అన్నారు. ఆ డబ్బా నా వీపుకెక్కింది. అపార్ట్‌మెంట్ మెట్ల మీద మోసిన బియ్యమే, ఉడికి బరువెక్కి, వెంటాడుతూ వచ్చిందనిపించింది.

కొండ మొదట్లో గైడ్ కలిశాడు. పేరు మనోలిస్, మీసాలు రెండు వైపులా చెరో జిల్లా దాకా ఉన్నాయి. మాతోపాటు ఇంకో అరడజను మంది తెల్లవాళ్ళు, సన్నగా, పొడుగ్గా, గొడుగు కర్రల్లా ఉన్నారు. మనోలిస్ ఒకే ఒక్క షరతు చెప్పాడు. పన్నెండయ్యేసరికి ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి. మధ్యాహ్నం మబ్బు కిందికి దిగితే ఈ రాళ్ళలో దారి కనపడదు, పోయినవాళ్ళున్నారు. అందరూ తలూపారు. అంకుల్ కూడా ఊపి, "సరే, మొదలెట్టేముందు చిన్న ప్రార్థన," అన్నారు. చిన్న ప్రార్థనలో బేస్‌మెంట్ వాళ్ళందరూ వచ్చారు, సందీప్ కో-ఆప్‌తో సహా. గొడుగు కర్రలు టోపీలు తీసి నిలబడ్డారు పాపం.

ఆ రాయి గురించి చెప్పాలి. రాయంటే నున్నగానో మొద్దుగానో ఉంటుందనుకుంటాం. ఇది కొబ్బరి కోరాంలాంటి రాయి. ఎన్నో యుగాల వానలు దాన్ని నాకి నాకి గాట్లు పెట్టి, అంచులకి పదును పెట్టి వదిలేశాయి. అడుగేస్తే బూటు అరుస్తుంది, చెయ్యానిస్తే చర్మం పోతుంది. ఎటు చూసినా తెలుపు, ఎండలో కళ్ళు చీల్చే తెలుపు. మధ్యమధ్యలో వాము వాసనకి దగ్గరి వాసనేసే చిన్న తుప్పలు. చుక్క నీరు లేదు. ఎంత వాన పడ్డా ఆ రాయే పగుళ్ళలోంచి తాగేసి కడుపులో దాచుకుంటుందట. "మా ఊళ్ళో దీన్ని కాల్చి గోడలకి కొడతాం," అని మనోలిస్‌తో అన్నాను. అతను మా ఊరివాళ్ళ మీద జాలిపడ్డాడు.

నాకసలు కష్టం రాయితో కాదు, వరసతో వచ్చింది. పెద్దాయన్ని వెనక వదిలి ముందు నడవడం మా ఇంటా వంటా లేదు. దారి ఒక్క మనిషికే సరిపోతుంది. ముందు అంకుల్, వెనక నేను, నా వెనక మిగతా ప్రపంచం. ఆయన రాయికో మాట చెప్పేవారు: "చూడు శేఖరూ, ఇది అచ్చం మా ఫోర్‌మన్ మొహంలా లేదూ?" లేదంటే పోలిక రుజువయ్యేదాకా కదలరు. ఉందంటే ఫోర్‌మన్ కథ మొత్తం. ఒక చోట దారికి అడ్డంగా మేక నిలబడింది. గేదంత మేక. కొమ్ములు వెనక్కి తిరిగి రెండోసారి ముందుకొచ్చాయి. అంకుల్ దానికి దారిచ్చి, అది పోయేదాకా టోపీ తీసి నిలబడ్డారు. నేను వాచీ చూశాను. శిఖరం చూశాను. ఆయన మోకాళ్ళు చూశాను. వచ్చే నెల ఆ మోకాళ్ళు కోసేస్తారు, ఇంకెప్పుడూ ఈయన ఎత్తెక్కడు. ఇవాళ కాకపోతే లేదు. ఆ మాట నా పళ్ళ మధ్య రాయిలా నలుగుతోంది, బయటికి మాత్రం, "అంకుల్, కొంచెం స్పీడుగా," అని తప్ప రాలేదు.

అయినా చేరాం. శిఖరం కిందున్న చిన్న చదును దాకా చేరాం. పన్నెండుకింకా బోలెడు టైముంది. పైకి చూస్తే శిఖరం మీద పేర్చిన రాళ్ళగుట్ట కూడా కనిపిస్తోంది. అర్ధగంట నడక అంతే. "పది నిమిషాలు రెస్ట్," అన్నాడు మనోలిస్. అందరూ కూర్చుని చాక్లెట్ ముక్కలు బయటికి తీశారు.

అంకుల్ వాళ్ళ చాక్లెట్ ముక్కల వంక చూశారు. ఆయన మొహంలో వచ్చిన బాధ నేను చూశాను. డబ్బా ఉన్న బ్యాగ్‌ని మెల్లిగా నా వెనక్కి జరిపాను.

"అదేంటయ్యా, ఇంత కొండెక్కి ఆ గోరంత ముక్క తింటారా? డబ్బా ఇలా తే."

"అంకుల్, పైకెళ్ళొచ్చాక తిందాం. అర్ధగంటే."

"వాళ్ళెదురుగా డబ్బా మూసుకుని కూచుంటామా? మర్యాదేనా?"

డబ్బా తెరిచారు. ఇంగువ, పోపు, చింతపండు, కరివేపాకు వాసన ఒక్కసారిగా లేచింది. గొడుగు కర్రలన్నీ ఒకేసారి మావైపు వంగాయి. స్పూన్లు లేవు. అంకుల్ చేత్తో ఎలా కలపాలో, ముద్ద ఎలా చెయ్యాలో, బొటనవేలితో ఎలా తొయ్యాలో పాఠం చెప్పారు. పౌలు పాఠం కూడా అంత శ్రద్ధగా ఎప్పుడూ చెప్పలేదు. మనోలిస్ మూడుసార్లు పెట్టించుకున్నాడు, మీసాలకి ఆవాలంటుకున్నాయి. డబ్బా ఖాళీ అయింది. వాచీలో ఇంకా టైముంది. నేను లేచి నిలబడ్డాను.

"చెయ్యి కడుక్కోవాలి కదా," అన్నారు అంకుల్.

తొమ్మిది మంది. తొమ్మిది పసుపుపచ్చని, నూనె కారే కుడిచేతులు. చుక్క నీరు లేని కొండ. సీసాల్లో ఉన్నది తాగడానికే, కడగడానికి వీల్లేదని మనోలిస్ ముందే చెప్పాడు.

"టిష్యూ ఇస్తాను అంకుల్, తుడిచేసుకుందాం."

"కాగితంతో ఎంగిలి పోద్దా? ఈ చేత్తో కర్ర పట్టుకోనా? పైకెళ్ళి ఈ చేత్తో బైబిలు తియ్యనా?"

ఫ్యాక్టరీలో ఇన్నేళ్ళు శాండ్‌విచ్ తిని చేతులు ప్యాంటుకి తుడుచుకున్న మనిషి. అన్నం దగ్గరికొచ్చేసరికి నరసాపురం తిరిగొచ్చింది. మా వాలకం చూసి సంగతి అర్థమైన మనోలిస్, తన వేళ్ళ వంక తనే చూసుకుని, ఆ గుట్ట వెనక గొర్రెల కాపరులు కట్టుకున్న వాన నీళ్ళ తొట్టి ఉందన్నాడు. దగ్గరే అన్నాడు. కొండవాళ్ళ దగ్గరేమిటో అప్పుడు తెలిసింది. తొట్టి లోతు. చేదకి చిల్లు. పైకి వచ్చేసరికి ఒక్క చేతికి సరిపోయే నీళ్ళే మిగిలేవి. ఒక్కొక్కరే వంతులవారీగా, నూనె వదిలేదాకా కాపరుల పొయ్యిలోని బూడిద రాసుకుని, మళ్ళీ కడిగి. అంకుల్ అందరికీ నీళ్ళు పోసి, తను ఆఖర్న కడుక్కున్నారు.

తిరిగి చదును దగ్గరికి వచ్చేసరికి మనోలిస్ వాచీ చూసి, కర్రతో కిందికి చూపించాడు. పన్నెండు. శిఖరం అక్కడే ఉంది, రాళ్ళగుట్ట అక్కడే ఉంది. దాని వెనకనించి తెల్లగా ఏదో పొంగుతోంది. అంకుల్ ముందు అది సముద్రమేమో అనుకున్నారు. మబ్బు. మేం చూస్తుండగానే రాళ్ళగుట్ట మీదికెక్కి కూర్చుంది.

దిగుతుంటే మొదటి మలుపులోనే అంకుల్ నా మీద విరుచుకుపడ్డారు.

"అంతా నీ వల్లేనయ్యా!"

"నా వల్లా? డబ్బా విప్పిందెవరండీ?"

"నేను విప్పితే నువ్వు ఊరుకోవడమేనా? మా అమ్మాయి నిన్నెందుకు పంపింది? పక్కన మనిషుండాలని. మనిషన్నాక నోరుండొద్దూ?"

"చెప్పాగా, పైకెళ్ళొచ్చాక తిందామని!"

"చెప్పడం కాదు, లాక్కోవాలి! లాక్కుంటే నేనేం కొడతానా?"

"పెద్దవాళ్ళ చేతిలోంచి అన్నం డబ్బా లాక్కుంటారా ఎవరైనా? మా నాన్నకి తెలిస్తే నన్ను బట్టీలో వేస్తాడు."

"పోనీ ఆ టిష్యూ అయినా గట్టిగా చేతిలో పెట్టాల్సింది."

"కాగితంతో ఎంగిలి పోద్దా అన్నది మీరే!"

"అన్నది నేనా? నా అలవాటు అంది. అలవాటుతో నువ్వు పోట్లాడాలి. అసలు మీ ఆంటీని అనాలి, పెళ్ళికి వండినట్టు వండింది. ఆ మనోలిస్ చూడు, మూడుసార్లు తిని కూడా పన్నెండంటే పన్నెండే అన్నాడు. తిన్న విశ్వాసం లేదు."

"వింటాడు అంకుల్."

"తెలుగు రాదులే. వస్తే ఇంకొంచెం బాగా తిడదును."

అలా ఆయనొకటంటే నేనొకటంటూ, రాళ్ళని తన్నుకుంటూ, మధ్యలో ఆగి మళ్ళీ మొదలుపెట్టుకుంటూ కిందికి వచ్చేశాం.

ఆ తర్వాత ఆయనకి మోకాళ్ళు మార్చారు. ఇప్పుడు స్కార్‌బరోలో మాల్ లోపల గుండ్రంగా నడుస్తారు. పాఠం చెప్పడం మానలేదు. ఈ మధ్య ఫోన్లో, "పిల్లలు సముద్రం రంగు అడిగితే చూసినవాళ్ళనడగమంటున్నాను," అన్నారు. నాకు ఉద్యోగం, పీఆర్ (ఇక్కడే ఉండిపోయే హక్కు), రెజైనాలో ఇల్లు, అన్నీ వచ్చాయి. సెలవుల్లో బాన్ఫ్ వైపు పోయి కొండలెక్కుతాను. అవీ చాలావరకు సున్నపురాళ్ళే, నా తలరాత. జేబులో ప్రోటీన్ బార్ వేసుకుంటాను. అట్టముక్కలా ఉంటుంది, చేతికి ఏమీ అంటదు, ఎవరికీ పెట్టక్కర్లేదు, పెడతానన్నా ఎవరూ తీసుకోరు. టైముకి పైకి చేరతాను, ఫోటో తీసుకుంటాను, టైముకి దిగుతాను. దారిలో ఎవరి పేరూ నాకు తెలియదు. నా బేస్‌మెంట్‌లో ఇద్దరు స్టూడెంట్లున్నారు. ఒకడికి కో-ఆప్ వచ్చిందో లేదో నెల తర్వాత మెసేజ్ చూస్తే తెలిసింది. ఇన్ని శిఖరాలెక్కాను, ఒక్కటీ ఇంటికొచ్చాక చెప్పుకోబుద్ధి కాలేదు. ఎక్కని దాని గురించి ఇన్ని పేజీలు రాశాను. ఇది కూడా నాకు చిరాకే.

ఇక మాటిచ్చిన సంగతి. అలారం నిజం. తొట్టి నిజం, చేదకి చిల్లు నిజం. మేక లోంచి మీరు ఈపాటికే గాలి తీసేసి ఉంటారు. నేను పూర్తిగా కల్పించింది ఒక్కటే, దిగేటప్పటి ఆ పోట్లాట. ఆయన నన్నొక్క మాటా అనలేదు. ఆంటీని అనలేదు, మనోలిస్‌ని అనలేదు. మబ్బు వంక కాసేపు చూసి, కర్ర తీసుకుని దిగడం మొదలుపెట్టారు. ఒక చోట మాత్రం ఆగి, బూటు లేసు కట్టుకోవడానికి వంగారు. లేసు ఊడలేదు, నేను చూశాను. చాలాసేపు అలా వంగే ఉన్నారు. నేను వెనకే నిలబడ్డాను, ముందుకి పోలేను కదా. కొండ కిందిదాకా వినపడిందల్లా ఆ రాయి మీద ఆయన కర్ర చప్పుడు. తిట్టి ఉంటే ఎదురు చెప్పేవాణ్ణి, ఇద్దరం కాస్త తేలికపడేవాళ్ళం. అందుకే ఇన్నేళ్ళకి ఆయన చేత తిట్టించుకున్నాను. ఆ మౌనానికి మాత్రం గాలి కొట్టలేకపోయాను. అది అప్పటికే కొండంత ఉంది.